సగరుడికి లేని దీర్ఘం సాగరానికి ఎందుకు?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. మా బడి పత్రికకు రాసిన వ్యాసంలో, వంతెన కోసం ఊరివాళ్లు భగీరథ ప్రయత్నం చేశారని ఒక వాక్యం రాశాను. భగీరథ అన్నది మనిషి పేరు కాబట్టి దానికి ఉల్లేఖన చిహ్నాలు పెట్టాలని ఇంగ్లీషు మాస్టారు పట్టుబట్టారు. ఇంగ్లీషులో ఆ పని పెద్దక్షరం చేస్తుందట. మనుషుల పేర్ల నుంచి పుట్టిన మాటలను తెలుగులో విడిగా చూపే పద్ధతి ఉందా? భగీరథప్రయత్నం అని కలిపి రాయాలా, విడదీసి రాయాలా?

సమాధానం: ముందు ఇంగ్లీషు మాస్టారి ఇంటి సంగతి చూద్దాం. ఇంగ్లీషులో పేరు కాస్తా మామూలు మాట అయ్యాక పెద్దక్షరం తరచుగా రాలిపోతుంది. ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్‌కు పెద్దక్షరం, బంకులో కొట్టించుకునే డీజిల్‌కు చిన్నక్షరం. 1880లో ఐర్లండు కౌలు రైతులు వెలివేసిన కెప్టెన్ బాయ్‌కాట్ పేరు ఆ ఏడాదే క్రియ అయి కూర్చుంది, దానికీ చిన్నక్షరమే. కొలతల దగ్గర మరీ చిత్రం. జేమ్స్ వాట్ పేరిట వచ్చిన వాట్‌ను పూర్తిగా రాస్తే చిన్నక్షరం, ఒంటి అక్షరపు గుర్తుగా రాస్తే పెద్దక్షరం. సెల్సియస్‌కు మాత్రం ఎలా రాసినా పెద్దక్షరమే. వాళ్లకే ఒక కుదురు లేని నియమాన్ని మనం అరువు తెచ్చుకోవడం ఎందుకు?

మన లిపిలో పెద్దక్షరం లేదు. అయితే సంస్కృతం నుంచి మనకు వచ్చిన మాటల్లో అంతకంటే గట్టి గుర్తు ఒకటుంది, ‘తద్ధితేష్వచామాదేః’ అన్న పాణిని సూత్రం అదే. పేరుకు చివర చేరి కొత్త మాటను చేసే తద్ధిత ప్రత్యయాలు కొన్ని ఉన్నాయి, అవి చేరినప్పుడు మాటలోని మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే అ కాస్తా ఆ అవుతుంది, ఉ కాస్తా ఔ అవుతుంది. రఘువు వంశంవాడు రాఘవుడు, ద్రుపదుడి కూతురు ద్రౌపది, జహ్ను మహర్షి తాగేసి మళ్లీ చెవిలోంచి వదిలిన గంగ జాహ్నవి, భగీరథుడు తెచ్చినది కాబట్టి ఆమే భాగీరథి. ఇంగ్లీషులో పేరు మాటగా మారేసరికి తల దించుకుంటే, ఇక్కడ తల పెరుగుతుంది. కంటికే కాదు, చెవికీ తెలుస్తుంది. పెద్దక్షరాన్ని పలకమనండి, చూద్దాం!

ఈ వరసలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట సాగరం. పెళ్లి శుభలేఖల్లో సంసారసాగరం, వార్తల్లో జనసాగరం, ఇలా రోజూ వాడుతున్నా అందులో ఒక మనిషి పేరుందని ఎవరికీ తోచదు. ఆయన సగరుడు, ఇక్ష్వాకు వంశపు రాజు. తల్లి కడుపులో ఉండగా సవతి విషం పెట్టింది. గరం అంటే విషం, గరళంలో ఉన్నదీ అదే. ఋషి అనుగ్రహంతో బిడ్డ బతికి ఆ విషంతో పాటే పుట్టాడు, గరంతో కూడినవాడు కాబట్టి సగరుడు. ఆయన అశ్వమేధపు గుర్రాన్ని ఇంద్రుడు అపహరిస్తే, అరవైవేల మంది కొడుకులు దాన్ని వెతుకుతూ భూమిని తవ్విపోశారు. చివరికి కపిల మహర్షి కోపానికి బూడిదయ్యారు. వాళ్లు తవ్విన గొయ్యి సగరుడికి సంబంధించినది, అందుకే సాగరం. తాతల బూడిద మీదికి గంగను తెచ్చినవాడే మీ భగీరథుడు. మనవడి మనవడు తెచ్చిన నీళ్లకు భాగీరథి అని పేరు, తాతకు తాత అయినవాడి కొడుకులు తవ్విన గోతికి సాగరం అని పేరు. నది వెళ్లి సముద్రంలో కలిస్తే ఒకే ఇంటి రెండు పేర్లు కలిసినట్టు!

అమరసింహుడు తన నిఘంటువులో సముద్రం పర్యాయపదాలను వరసగా చెప్తూ సరస్వాన్‌కూ అర్ణవానికీ మధ్య సాగరాన్ని మామూలుగా కూర్చోబెట్టాడు. ఇది ఒక రాజుగారి పేరు సుమా అని హెచ్చరించలేదు. ఆ తరవాత మన పాలకులు చెరువులకు కూడా సాగర్ అని పేర్లు పెట్టారు. 1908 మూసీ వరదల తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పక్కన సగరుడు కూర్చున్నాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌లో బౌద్ధాచార్యుడి పక్కనా ఆయనే. ఒక్కో జలాశయానికి ఇద్దరేసి మనుషులు! ఇద్దరికీ కోట్లు, అదే మీ ఉల్లేఖన చిహ్నాలు, పెట్టాలంటే దారి బోర్డు మీద చోటు చాలదు.

ఇంతా చెప్పాక ఒక అనుమానం కూడా చెప్పాలి. కథ ముందా, మాట ముందా? సముద్రానికి సాగరమనే పేరు ముందే ఉండి, దానికి కారణం చెప్పడానికి సగరపుత్రుల తవ్వకం పుట్టిందేమో. నవ్వకండి, ఇలాంటిది మన కాలంలోనే జరిగింది. కొలతల గుర్తుల్లో పెద్దక్షరం మనుషుల పేర్లకే దక్కాలి. లీటరుకు చిన్న ఎల్ రాస్తే ఒకటి అంకెలా కనిపిస్తోందని పెద్ద ఎల్ కావాలన్నారు. కానీ లీటర్ అనే మనిషి లేడు. 1978 ఏప్రిల్‌లో కెనడా ఆచార్యుడు కెన్నెత్ వూల్నర్ సరదాగా క్లాడ్ లీటర్ అనే శాస్త్రజ్ఞుణ్ని సృష్టించి జీవితచరిత్ర రాసేశాడు. నిజమని నమ్మినవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది పెద్ద ఎల్‌కు అనుమతి వచ్చింది, పాపం ఆ లేని మనిషి ప్రమేయం లేకుండానే. సగరుడూ అలాంటివాడే అని నేను అనను. మన పెద్దల వ్యుత్పత్తి నాకు ప్రియమైనది, ఒట్టేసి నిజమని మాత్రం చెప్పలేను.

ఇక మీ వాక్యం. ఇక్కడ వృద్ధి లేదు, సమాసమే ఉంది. తెలుగు తన సొంత ఉపాయం వాడేది ఇక్కడే: మనిషికి డు ఉంటుంది, నానుడిలో అది పోతుంది. ‘భగీరథుడి ప్రయత్నం’ అంటే ఆ రాజు చేసిన పని. ‘భగీరథ ప్రయత్నం’ అంటే మీ ఊరివాళ్లదైనా, మా వీధి కుళాయి కోసం మేము చేసినదైనా. శల్య సారథ్యం, త్రిశంకు స్వర్గం, కుంభకర్ణ నిద్ర అన్నీ ఈ బాపతే. శకుని, శిఖండి లాంటివి సమాసం లేకుండానే తిట్లుగా చలామణీ అవుతున్నాయి, వాటికి ఈ సూత్రం పనికిరాదు. భీష్మ ప్రతిజ్ఞ దగ్గర కూడా సందర్భాన్ని చూసుకోవాల్సిందే.

పెద్దక్షరం లేక మనం నిజంగా ఇబ్బంది పడే చోటు ఒకటుంది, ఒప్పుకుంటాను. కాటన్ చీర, కాటన్ బ్యారేజి. ఇంగ్లీషువాడు మొదటి అక్షరం చూసి నూలేదో మనిషెవరో పోల్చుకుంటాడు. గోదావరి జిల్లాలవారు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు: కాటన్ దొర. తెలుగువాడి పెద్దక్షరం పేరు ముందు ఉండదు, వెనక దొరగానో గారుగానో ఉంటుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆయన్ను, గోదావరి స్నానాల వేళ చెప్పుకునే శ్లోకంలో ‘కాటనుం తం భగీరథం’ అన్నారు. అక్కడ భగీరథుడు అయోధ్య రాజు కాడు, నీళ్లు తెచ్చిన ఎవడైనా సరే. ఒక పేరు మాటగా మారడమంటే అదీ.

కొత్తగా పేర్ల నుంచి మాటలు చేసేవారితో మాత్రం నాకు పేచీ ఉంది. గాంధేయవాదం అంటున్నాం, బాగానే అలవాటైంది. కానీ గంగ కొడుకు గాంగేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు అయిన లెక్కన గాంధేయుడంటే గాంధి అనే తల్లి కొడుకని కదా తోస్తుంది! వాడుక గెలిచింది కాబట్టి ఊరుకుంటున్నాను. పాణిని తన పేరుకు దారి చూపించాడు, పాణినీయం అని. గాంధీయం అంటే ఏం పోయేది?

మీ ప్రశ్నకు: కోట్లు అక్కరలేదు. పైగా ‘భగీరథ’ ప్రయత్నం అని రాస్తే ఊరివాళ్లను వెక్కిరించినట్టుంటుంది. ఈమధ్య పత్రికలు కనబడిన ప్రతి పేరుకూ కోట్లు తగిలిస్తున్నాయి, దిష్టిబొమ్మల్లా. సమాసం కాబట్టి కలిపి రాయడం వ్యాకరణం, నేను అలాగే రాస్తాను. విడదీసి రాయడం వాడుక, పిల్లల పత్రికలో అది తప్పని దిద్దను. ఇంగ్లీషు మాస్టారు మరీ పట్టుబడితే కోట్లకూ ఒప్పేసుకోండి, స్నేహం చెడగొట్టుకోకండి. ఒక్క విషయంలో మాత్రం తగ్గవద్దు. గోడల మీదా బ్యానర్ల మీదా ‘భగీరధ’ అని ధ పెట్టి రాస్తున్నారు, అచ్చులో అది రానివ్వకండి. ఆ రాజు రథమెక్కి ముందు నడిస్తే గంగ వెనక వచ్చిందని రామాయణం చెప్తోంది. రథమే లేకుండా చేస్తే ఆమె ఎవరి వెంట వస్తుంది?