ఇంటి చదువు మొదలుపెట్టేలోగా: బాబు కడుపునొప్పి, అమ్మ నిద్ర

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా వయసు 37 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. బాబు నాలుగో తరగతి, పాప ఒకటో తరగతి చదువుతున్నారు. ఏడాదిగా బాబుకు బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వస్తోంది. దసరా, సంక్రాంతి సెలవుల్లో మాత్రం రాలేదు. వార్షిక పరీక్షలు అయిపోయాక ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలనుకుంటున్నాను. మావారు ‘నీ ఇష్టం’ అంటున్నారు. అత్తయ్యగారికి అసలు ఇష్టం లేదు. సిలబస్, పుస్తకాలు వెతుకుతూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నాను. ఆ తర్వాత పడుకున్నా నిద్ర పట్టడం లేదు. మూడు నెలలుగా మెడ నుంచి నుదుటి దాకా పట్టేసినట్టు తలనొప్పి వస్తోంది. రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటున్నాను. జూన్‌లో చదువు మొదలుపెట్టేలోగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

డాక్టర్ సలహా: పిల్లలను ఇంట్లో చదివించడం మంచిదా కాదా అన్నది మీ కుటుంబం కూర్చుని తేల్చుకోవలసిన విషయం, అందులో నేను జోక్యం చేసుకోను. కానీ బాబు నొప్పికి కారణం తెలియకుండా, మీ నిద్ర దారిలో పడకుండా జూన్‌లో చదువు మొదలుపెడితే, ఈ రెండు సమస్యలూ కొత్త ఏర్పాటులోకి అలాగే వచ్చి చేరతాయి. కాబట్టి సిలబస్ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు వీటి మీద దృష్టి పెట్టండి.

మొదట బాబు సంగతి. సెలవుల్లో నొప్పి రాలేదంటే వాడు నటిస్తున్నాడని అర్థం కాదు. పేగులకూ మెదడుకూ మధ్య నాడుల ద్వారా నిరంతరం సమాచారం నడుస్తూ ఉంటుంది. భయం, ఆందోళన ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న పేగులోనే నిజమైన నొప్పి పుడుతుంది. ఇలాంటి నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ ఉంటుంది. ఇంట్లో ఎవరూ ‘నాటకాలు ఆడుతున్నాడు’ అని వాడి ముందు అనకుండా చూసుకోండి, ఆ మాట విన్న పిల్లలు నొప్పి చెప్పడం మానేస్తారు తప్ప నొప్పి తగ్గదు.

అయితే అన్నిటికీ ఆందోళనే కారణమని అనుకోవడమూ సరికాదు. మా ఓపీకి ఇదే ఫిర్యాదుతో వచ్చే పిల్లల్లో చాలామందికి మలబద్ధకం ఉంటుంది. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేదనో, తలుపు గడియ పడదనో, మధ్యలో వెళ్తానంటే టీచర్ ఒప్పుకోరనో రోజంతా బిగబట్టుకుంటారు. అక్కడికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు కూడా తాగరు. పొద్దున బస్సు వచ్చేస్తుందన్న హడావిడిలో ఇంట్లోనూ విరేచనానికి వెళ్లరు. సెలవుల్లో ఈ ఇబ్బంది ఉండదు కాబట్టి నొప్పీ ఉండదు. సాయంత్రం వాటర్ బాటిల్‌లో నీళ్లు ఎన్ని మిగిలాయో గమనించండి. రోజు మార్చి రోజు వెళ్తున్నాడా, గట్టిగా వస్తోందా అని వాడినే మెల్లగా అడగండి. బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, నొప్పితో రాత్రి నిద్రలోంచి లేవడం, ఆకుపచ్చ రంగు వాంతులు, మలంలో రక్తం, తరచూ జ్వరం, బొడ్డుకు దూరంగా ఒకే చోట నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఇవేవీ లేకపోయినా ఏడాదిగా ఉన్న నొప్పి కాబట్టి ఒకసారి పరీక్ష చేయించడం అవసరమే.

ఆ తర్వాత బడి గురించి మాట్లాడండి. ‘బడిలో ఎవరైనా ఏమైనా అంటున్నారా’ అని సూటిగా అడిగితే చాలామంది పిల్లలు లేదనే అంటారు. బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావు, లంచ్ ఎవరితో తింటావు, ఏ పీరియడ్ ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తుంది అని అడిగితే జవాబు దొరుకుతుంది. బోర్డు మీద అక్షరాలు కనబడక నోట్స్ వెనకబడే పిల్లలూ, చదవడంలో, రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉండి తరగతిలో రోజూ మాట పడే పిల్లలూ ఇలాగే కడుపు పట్టుకుంటారు. కాబట్టి కంటి పరీక్ష చేయించండి. వయసుకు తగ్గట్టు చదవలేకపోతున్నాడని అనిపిస్తే చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గర మదింపు చేయించండి. అలాంటి ఇబ్బంది ఉంటే బడి మారినా, ఇంట్లో చదివినా అది వెంటే వస్తుంది. ముందే తెలిస్తే మీరు నేర్పే పద్ధతిని దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒకవేళ అమ్మను విడిచి ఉండలేని భయమే కారణమైతే, ఇంట్లోనే ఉండిపోవడం వల్ల ఆ భయం తాత్కాలికంగా అణిగి, తర్వాత మరింత బలపడే ప్రమాదం ఉంది. అప్పుడు చికిత్స తీసుకుంటూనే చదువు విషయం నిర్ణయించుకోవాలి.

ఇక మీ తలనొప్పి. మీరు చెప్పిన తీరు కండరాల బిగువు, నిద్రలేమి వల్ల వచ్చే తలనొప్పిని పోలి ఉంది. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మాత్రల సంఖ్య. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులు, కెఫీన్ వంటివి కలిసిన మాత్రలైతే 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. రోజు విడిచి రోజు అంటే మీరు ఆ హద్దు మీదే ఉన్నారు. ఫిజీషియన్‌ను కలిసి వాటిని మాన్పించుకోండి. మానేసిన మొదటి రోజుల్లో నొప్పి కొంత పెరుగుతుందని తెలిసి ఉంటే కంగారు పడరు. బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు ఒకసారి చేయించుకోండి. ఉన్నట్టుండి మునుపెన్నడూ లేనంత తీవ్రంగా నొప్పి రావడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చూపు మసకబారడం, మాట తడబడటం, చెయ్యో కాలో బలహీనపడటం జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రాత్రి తొమ్మిదిన్నర తర్వాత సిలబస్ వెతకడం పూర్తిగా ఆపేయండి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు. ఎంత రాత్రి పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి. మనసులో తిరిగే సందేహాలను సాయంత్రమే ఒక నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టేస్తే, అవి పడక మీద మిమ్మల్ని వెంటాడటం తగ్గుతుంది.

మీ వారు అన్న ‘నీ ఇష్టం’ అన్న మాటను నేను వైద్యపరంగానే చూస్తున్నాను, ఎందుకంటే ఆ మాటతో మొత్తం భారం మీ ఒక్కరి మీదే పడింది. ఆఫీసు కాల్స్ మాట్లాడుతూ ఇద్దరు పిల్లలకు పాఠం చెప్పడం ఎవరి వల్లా కాదు. ఏ గంటల్లో పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో, లెక్కలు ఎవరు చెబుతారో, వంట ఎవరు చూస్తారో, మీ ఇద్దరూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంలో మీ వారి పేరు రోజూ కనబడకపోతే జూన్‌లో మొదలుపెట్టవద్దనే నా సలహా. మీ అత్తగారి అభ్యంతరాన్ని కూడా ఓపికగా వినండి. పిల్లలు తోటివారికి దూరమవుతారన్నదే ఆమె భయమైతే అది న్యాయమైన భయమే. రోజూ సాయంత్రం పిల్లలను కింద ఆటలకు తీసుకెళ్లే పనిని, పాపకు తెలుగు చదివించే పనిని ఆమెకే అప్పగించవచ్చు.

మనం గమనించకుండానే బడి పిల్లల ఆరోగ్యానికి కొన్ని పనులు చేసిపెడుతుంది. ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్ర చాలామంది పిల్లలకు బడిలోనే అందుతుంది. ఇకపై దాన్ని మీరే గుర్తుపెట్టుకుని దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేయించాలి. పాపకు 5, 6 ఏళ్ల మధ్య వేయవలసిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ పడిందో లేదో కార్డులో చూడండి. బాబుకు 10 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా ఉంటుంది. రోజుకు కనీసం 60 నిమిషాలు చెమట పట్టేలా ఆడాలి. ఇంటి చదువంటే స్క్రీన్ ముందు చదువుగా మారిపోకుండా, ఎండ తీవ్రత లేని వేళల్లో రోజుకు రెండు గంటల దాకా ఆరుబయట గడిపేలా చూస్తే దగ్గరచూపు సమస్య వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. ఈ వయసు పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, బస్సు లేదు కదా అని పడుకునే వేళ జారిపోనివ్వకండి.

బడి నుంచి టీసీ, మార్కుల కాగితాలు తప్పక తీసుకుని భద్రపరచండి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువుకు సంబంధించినది, మీ పిల్లలిద్దరూ ఆ వయసువారే కాబట్టి దాని గురించి తెలుసుకోండి. బడికి వెళ్లకుండా చదివేవారికి పరీక్షలు నిర్వహించే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా తర్వాత పరీక్షలు ఎలా రాయించాలో కూడా ముందే విచారించుకోండి.

వేసవి సెలవుల్లో నాలుగు వారాలు, రోజుకు రెండు గంటలు మాత్రమే, మీ ఇద్దరూ పనులు పంచుకుని రాసుకున్న కాగితం ప్రకారం ఇంటి చదువు నడిపి చూడండి. ఆ నాలుగు వారాల్లో మీ నిద్ర, మాత్రలు వేసుకున్న రోజులు, బాబు నొప్పి ఒక క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి. నిద్ర అప్పటికీ కుదుటపడకపోయినా, రెండు వారాలకు మించి దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఉన్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అలాంటప్పుడు మీరు కోలుకునేదాకా పిల్లలను బడికే పంపించి, ఇంటి చదువును దసరా తర్వాతికో, వచ్చే ఏడాదికో వాయిదా వేసుకోండి.