చిన్నప్పుడు పెట్టిన కరెంటుకూ ఇప్పటి షుగర్‌కూ సంబంధం ఉందా?

ఉంది. చిన్నతనంలో కడుపుకు రేడియేషన్, అంటే మన వాడుకలో కరెంటు, తీసుకున్న మీ చెల్లెలు సన్నగానే ఉంటుందనీ, ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోయినా ముప్పై దాటకుండానే తనకు వచ్చిందనీ, మిఠాయిలు తినడం వల్లేనేమో అనీ రాశారు. ఆ చివరి మాట చదివాకే నాకు జవాబు రాయాలనిపించింది.

మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా తమ్ముడికి నాలుగేళ్ల వయసులో ఎడమ కిడ్నీలో విల్మ్స్ ట్యూమర్ అనే, పిల్లలకు వచ్చే క్యాన్సర్ గడ్డ వచ్చింది. హైదరాబాద్‌లో ఆ కిడ్నీ తీసేసి, మందులు ఎక్కించి, ఆ పక్కన కరెంటు పెట్టారు. వాడు బతికాడు, చదువుకున్నాడు, ఉద్యోగంలో చేరాడు. ఇరవై ఎనిమిదో ఏట దాహం, నీరసం మొదలయ్యాయి. మా జిల్లాలో నీరసమన్నా కీళ్ల నొప్పులన్నా నింద ముందు నీళ్ల మీదికే పోతుంది. ఫ్లోరైడ్ మా తాతల నడుములు వంచిన మాట నిజమే. అలాగని ప్రతి జబ్బునూ దాని ఖాతాలో రాస్తే అసలు జబ్బు దర్జాగా పెరుగుతుంది.

షుగర్ అని తేలాక బంధువుల తీర్పులు మొదలయ్యాయి. మాకు బత్తాయి తోట ఉంది. "రసం తాగి తాగి తెచ్చుకున్నాడు" అని మా మేనత్త తేల్చేసింది. అమ్మ ఆ మాట నమ్మి, ఆ ఏడు ఒక్క కాయ కూడా ఇంట్లోకి రానివ్వకుండా కాపంతా లారీకి ఎత్తించింది. నల్లగొండలో చూపించిన డాక్టరేమో బరువు తగ్గమన్నాడు. తగ్గడానికి వాడి ఒంట్లో ఏముందని!

చివరికి హైదరాబాద్‌లో ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికి వెళ్లాం. ఆమె తమ్ముణ్ని చొక్కా ఎత్తమని, పాత కుట్ల మచ్చ, లోపలికి పోయిన ఎడమ నడుము చూసి, "ఇక్కడ రేడియేషన్ ఇచ్చారా? కాగితాలున్నాయా?" అని అడిగింది. అమ్మ సంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. భూమి పాసుపుస్తకాలతో పాటు ఇన్నేళ్లూ బీరువాలో దాచిన ఫైలు అది. సిరా వెలిసిపోయినా ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చారో చదవడానికి వీలైంది. డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది. క్లోమం (ప్యాంక్రియాస్) తోక ఎడమ కిడ్నీ ముందు నుంచి ప్లీహం (స్ప్లీన్) దాకా పోతుందట. ఇన్సులిన్ తయారు చేసే కణాల గుంపులు ఆ తోకలోనే ఎక్కువ దట్టంగా ఉంటాయట. కిడ్నీ ఉన్న చోటికి ఇచ్చిన కిరణాలు దానికీ తగులుతాయి, ఫలితం ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

అమ్మ అంతా విని, "అయితే బత్తాయి కాదా డాక్టరమ్మా?" అంది.

"కాదు. కానీ ఇకమీదట రసం మాత్రం వద్దు" అని ఆమె నవ్వింది. ఉన్నది ఒక్క కిడ్నీ కాబట్టి దాని పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశాకే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రాసింది.

ఇది ఒక డాక్టరు ఊహ కాదు. బాల్యంలో క్యాన్సర్ నుంచి బయటపడ్డ ఫ్రాన్స్, బ్రిటన్ వాళ్ల మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. క్లోమం తోకకు 10 గ్రేలు, అంతకు మించి తగిలినవారిలో షుగర్ ముప్పు బాగా ఎక్కువని అందులో తేలింది. సన్నగా ఉంటే షుగర్ రాదన్న నమ్మకం వీళ్ల విషయంలో పనికిరాదు. కరెంటు పెట్టిన పక్క కండ సరిగా పెరగదు కాబట్టి తూకం మోసం చేస్తుంది. ఎముక మూలుగ మార్పిడికి ముందు ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చినవారిలోనూ లావు లేకుండానే షుగర్, రక్తంలో కొవ్వు పెరుగుతాయి. మెడకు ఇస్తే థైరాయిడ్ మందగిస్తుంది. తలకు ఇస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది, సాధారణంగా ముందు తగ్గేది ఎదుగుదల హార్మోను.

నా కోపమల్లా మరో చోట ఉంది. కొన్నేళ్లు గడ్డ తిరగబెట్టలేదని చూసి "ఇక రానక్కర్లేదు" అని పంపేసిన ఆసుపత్రి, రెండేళ్లకోసారి షుగర్ పరీక్ష చేయించమని ఒక్క ముక్క రాసి ఇవ్వలేదు. కడుపుకు రేడియేషన్ తీసుకున్న పిల్లలకు ఆ పరీక్ష చేయాలని అమెరికా పిల్లల క్యాన్సర్ వైద్యుల మార్గదర్శకాల్లో ఉంది.

మీ చెల్లెలి పాత ఫైలు వెతకండి. దొరక్కపోతే వైద్యం చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో పేరు, చేరిన సంవత్సరం చెప్పి, ఏ భాగానికి ఎన్ని గ్రేలు ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. కౌంటర్‌లో విసుక్కుంటారు, అయినా కదలకండి. ఆ కాగితంతో ఎండోక్రైనాలజిస్టును కలిసి, షుగర్‌తో పాటు కొలెస్టరాల్, బీపీ, కిడ్నీలు కూడా చూడమనండి.