పసుపు కార్డు ఎందుకడుగుతారు?

ప్రశ్న: మా అబ్బాయికి ఘనాలో ఉద్యోగం వచ్చింది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోమన్నారు. వేసుకున్నట్టు పసుపు కార్డు ఇస్తారట, తిరిగి వచ్చేటప్పుడు మనవాళ్లూ ఆ కార్డు అడుగుతారట. మన ఊళ్లో లేని దోమలా, డాక్టరు గారూ? ఒంట్లో బాగున్నవాణ్ని ఆపడమేమిటి? తర్వాత నేనూ వెళ్దామనుకుంటున్నాను. నా వయసు 64.
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మన ఊళ్లో దోమలున్నాయి కనుకే ఆ కార్డు. మనకు డెంగీ అంటించే ఈడిస్ దోమే ఎల్లో ఫీవర్‌నీ మోస్తుంది. దోమ ఉంది, వైరస్ లేదు. ఆ దోమ మహా ఎగిరితే నాలుగైదు వీధులు. వైరస్‌ను సముద్రాలు దాటించేది మనమే.

ఓడల కాలంలో ఆఫ్రికా నుంచి అమెరికా ఖండానికి ఈ జబ్బు అలాగే చేరింది, బానిసలుగా పట్టుకెళ్లిన మనుషులతోపాటు, నీళ్ల పీపాల్లో పెరిగిన దోమలతోపాటు. వారాల ప్రయాణం కాబట్టి జ్వరం దారిలోనే బయటపడేది. ఇప్పుడలా కాదు. దోమ కుట్టిన 3 నుంచి 6 రోజులకు గానీ జ్వరం రాదు. ఘనా రాజధాని అక్రాలో విమానమెక్కినవాడు మర్నాటికి శంషాబాద్‌లో ఉంటాడు, నిక్షేపంగా నడుస్తూ. ఆ తర్వాత జ్వరమొస్తే, అతణ్ని కుట్టిన మన దోమ ఇంకొకరికి అంటిస్తుంది. అందుకే కార్డు లేకపోతే 6 రోజులు విడిగా ఉంచుతారు.

ఇది ఉత్త భయం కాదు. 2016లో అంగోలాలో ఈ జ్వరం ప్రబలినప్పుడు, అక్కడి నుంచి తిరిగొచ్చిన 11 మందితో అది చైనా దాకా వెళ్లింది. అదృష్టం, అక్కడ ఇంకెవరికీ అంటుకోలేదు.

టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒక్క డోసు చాలు, జీవితాంతం చెల్లుతుంది. కానీ వేసుకున్న పదో రోజు నుంచే కార్డుకు విలువ. టికెట్ కొన్నాక పరుగెత్తితే లాభం లేదు. కోడిగుడ్డు పడకపోతే ముందే చెప్పమనండి.

కార్డు పాస్‌పోర్టు కవరులోనే పెట్టించండి. నేను నైరోబి నుంచి వస్తూ పెద్ద సూట్‌కేసులో పెట్టాను. ఆరోగ్య కౌంటరేమో సామాను బెల్టుకు ఇవతల! ఊళ్లో అందరికీ సలహాలిచ్చేవాణ్ని, గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను.

ఇక మీ సంగతి. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటాక మొదటిసారి వేసుకుంటే, అరుదుగానే అయినా, తీవ్రంగా వికటించే అవకాశం కాస్త ఎక్కువ. బీపీ, షుగరు మందుల చీటీలన్నీ పట్టుకెళ్లి మీ డాక్టరుతో మాట్లాడాకే టికెట్ కొనండి.