ఏమ్స్ స్మారకం కోసం ఐ-80 హైవే దిగవచ్చా? దిగి చూసినవాడిగా నా సమాధానం

అమెరికాలో డెన్వర్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి కారులో వెళ్తూ దారిలో వయోమింగ్‌లోని ఏమ్స్ స్మారకం (రైలుమార్గం కట్టించిన ఇద్దరు అన్నదమ్ముల పేరిట నిలిపిన రాతి పిరమిడ్) చూడటం సమంజసమేనా, అక్కడి కంకర రోడ్డు మీద మామూలు కారు వెళ్తుందా అని మీరు అడిగారు. రెండింటికీ నా సమాధానం అవుననే. అయితే పది నిమిషాల్లో ఫోటో తీసుకుని బయలుదేరాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఆగకండి. గంటసేపు ఉండగలిగితేనే ఆ చోటు అర్థమవుతుంది.

ముందు దారి సంగతి. ఫోర్ట్ కాలిన్స్ మీదుగా 287వ నంబరు రోడ్డు పట్టుకుంటే నేరుగా లారమీలో తేలుతారు, స్మారకం వెనక తూర్పున ఉండిపోతుంది. అందువల్ల ఐ-25 హైవే మీద షాయెన్ వరకు వెళ్ళి, అక్కడ ఐ-80 ఎక్కి పడమరగా సాగండి. 329వ ఎగ్జిట్ దగ్గర వీడవూ రోడ్డు బోర్డు చూసి దిగి, దక్షిణం వైపు తిరిగితే సుమారు రెండు మైళ్ళ దూరం. మేము ఆగస్టు చివరి వారంలో ఎత్తు తక్కువ ఉన్న సెడాన్ కారులోనే వెళ్ళాము. నెమ్మదిగా నడిపినంతసేపూ ఇబ్బంది కలగలేదు. చలికాలంలో గాలికీ మంచుకీ ఐ-80నే తరచుగా మూసివేస్తుంటారు కాబట్టి ఆ నెలల్లో దీనిని ప్రయాణ ప్రణాళికలో పెట్టుకోవద్దు. ప్రవేశ రుసుము లేదు. నీడ గానీ తాగునీరు గానీ దొరకవు; నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, పెట్రోలు షాయెన్‌లోనే నింపుకోండి.

కారు దిగగానే కనిపించేది చుట్టూ గడ్డినేల, దాని మీద ఒంటరిగా నిలిచిన రాతి పిరమిడ్. ఎత్తు 60 అడుగులు, అడుగున ఒక్కొక్క పక్క కూడా 60 అడుగులు. దగ్గరలోనే తవ్వి తీసిన గ్రానైట్ బండలను గరుకుగా చెక్కి పేర్చడం వల్ల, అది కట్టినట్టు గాక ఆ నేలలోంచే పైకి లేచినట్టు అనిపిస్తుంది. రూపకల్పన చేసినవాడు హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్, బోస్టన్‌లోని ట్రినిటీ చర్చిని రూపొందించిన వాస్తుశిల్పి. 1880లో మొదలైన పని 1882లో ముగిసింది. దాదాపు 65,000 డాలర్లు ఖర్చయింది. తూర్పు ముఖాన ఓక్స్ ఏమ్స్, పడమటి ముఖాన ఆయన తమ్ముడు ఆలివర్ ఏమ్స్ ముఖచిత్రాలను రాతిలో ఉబ్బెత్తుగా చెక్కినవాడు పేరుపొందిన అమెరికన్ శిల్పి ఆగస్టస్ సెయింట్-గాడెన్స్. రెండింటికీ ముక్కులు దెబ్బతిన్నాయి. అంతటి శిల్పి పనిని అలా చూడటం నాకు బాధ కలిగించింది. అన్న ముఖం స్పష్టంగా కనిపించాలంటే ఉదయం వెళ్ళాలి, తమ్ముడిది మధ్యాహ్నం తర్వాత బాగుంటుంది.

నేను మొదట చేసిన పొరపాటు ఈ రెండు ముఖాలూ చూసి చూడవలసింది అయిపోయిందనుకోవడం. మాతో వచ్చిన మా నాన్నగారు రైల్వేలో పట్టాల నిర్వహణ చూసి పదవీ విరమణ చేసినవారు. ఆయన పిరమిడ్ వైపు ఎక్కువసేపు చూడలేదు. ఉత్తరం వైపు నడిచి వెళ్ళి, అక్షరాలన్నీ ఇటువైపే ఎందుకు చెక్కారో చెప్పమని నన్ను అడిగారు. ఏమ్స్ సోదరుల స్మృత్యర్థం అని తెలిపే ఆ వాక్యం, అడుగు ఎత్తున్న అక్షరాలతో, ఉత్తర ముఖం మీద మాత్రమే ఉంది. నేను జవాబు వెతుక్కుంటుండగానే ఆయన ఎదురుగా గడ్డిలో సమంగా సాగిపోతున్న ఒక కట్టను చూపించి, ‘లైను ఇక్కడ ఉండేదిరా, చదవవలసినవాళ్ళు బండిలో కూర్చుని ఉండేవాళ్ళు’ అన్నారు. ఆ మాటతో నాకు ఆ స్థలం తిరగబడినట్టయింది. అంతవరకు నేను చూసింది స్మారకం వీపు.

ఆ కట్ట మీద నడిచింది ఖండాన్ని అడ్డంగా దాటే అమెరికా తొలి రైలుమార్గం. 8,247 అడుగుల ఎత్తున్న ఈ చోటే ఆ మార్గం మొత్తంలో అత్యున్నత స్థానం. షాయెన్ సుమారు 6,000 అడుగుల దగ్గర ఉంది; అక్కడి నుంచి ముప్పై మైళ్ళ పైచిలుకు దూరంలో రెండు వేల అడుగులకు మించి ఎక్కాలి. అయినా సొరంగం అవసరం లేకుండా ఎక్కగలిగారంటే, మైదానంలో పేరుకున్న మట్టీ ఇసుకా పొరలు ఇక్కడ మాత్రం కోసుకుపోకుండా, కొండల గ్రానైటు దాకా ఏటవాలు వంతెనలా మిగిలి ఉండటమే కారణం. ఇంజనీర్లు వెతికి పట్టుకున్నది ఆ వాలునే. మీరు షాయెన్ నుంచి ఐ-80 మీద వచ్చేటప్పుడు ఎక్కేదీ అదే వాలు కాబట్టి గమనిస్తూ రండి. శిఖరం మీద షెర్మన్ అనే చిన్న ఊరు వెలిసింది. రెండు వైపులా దిగుడే గనుక బండ్లను ఇక్కడ ఆపి తనిఖీ చేసేవారు, ఆ వ్యవధిలో ప్రయాణికులు దిగి పిరమిడ్ చూసేవారు. 1901లో పట్టాలను కొన్ని మైళ్ళు దక్షిణానికి మార్చారు. పట్టాలు పోయాక ఊరికి పని లేకుండా పోయింది, క్రమంగా ఖాళీ అయింది. ఇప్పుడు అక్కడ ఒక శ్మశానం, కొన్ని పునాదుల ఆనవాళ్ళు తప్ప మరేమీ మిగల్లేదు.

ఇక ఈ అన్నదమ్ములు ఎవరన్నది తెలుసుకోకుండా వెళ్తే సగం విషయం జారిపోతుంది. మసాచుసెట్స్‌లో పారల తయారీ వీరి కుటుంబ వ్యాపారం. ఆలివర్ ఈ మార్గాన్ని తూర్పు నుంచి కట్టుకొచ్చిన యూనియన్ పసిఫిక్ రైల్వే సంస్థకు అధ్యక్షుడిగా పనిచేశాడు. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడైన ఓక్స్ నిధులు కూడగట్టి ఆగిపోయేలా ఉన్న పనిని ముందుకు నడిపించాడు. ఆ నిధుల కథలోనే మచ్చ కూడా ఉంది. రైలుమార్గం కట్టే కాంట్రాక్టును క్రెడిట్ మొబిలియే అనే కంపెనీకి ఇచ్చారు. ఆ కంపెనీ వెనక ఉన్నదీ రైల్వే పెద్దలే. దాని వాటాలను ఓక్స్ తోటి సభ్యులకు తక్కువ ధరకు అందజేశాడని 1872లో బయటపడింది. 1873 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ తీర్మానం చేసి ఆయనను మందలించింది, మే నెలలో ఆయన మరణించాడు. ఆ అపకీర్తిని తుడిచేయాలన్న కోరిక కూడా ఈ రాళ్ళ వెనక ఉందని నా అభిప్రాయం. అంత పెద్ద అక్షరాలతో ఆ పేర్లను ప్రయాణికుల కళ్ళ ముందు నిలబెట్టడానికి నాకు వేరే సంజాయిషీ కనిపించలేదు.

మీతో పెద్దవాళ్ళు ఉంటే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఎత్తులో నాలుగడుగులు వేగంగా వేసినా ఆయాసం వస్తుంది. మా అమ్మ రెండుసార్లు ఆగి కూర్చున్నారు. వేసవిలో మధ్యాహ్నం ఉరుములు త్వరగా కమ్ముకుంటాయి, ఆ బోడి శిఖరం మీద దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. మేము మూడు గంటలకు చేరిన ఇరవై నిమిషాలకే మెరుపులు మొదలై అరగంటసేపు కారులోనే ఉండిపోయాము. మీరు మధ్యాహ్నంలోపే చేరేలా బయలుదేరండి.

సాల్ట్ లేక్ సిటీ చేరాక ఇంకొక రోజు మిగిలితే, బ్రిగమ్ సిటీకి పడమరన ఉన్న ప్రోమొంటరీ సమ్మిట్‌కు కూడా వెళ్ళండి. 1869 మే 10న తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ కలిసింది అక్కడే. అక్కడి నుంచీ ప్రధాన మార్గం 1904లో పక్కకు జరిగింది, 1942లో యుద్ధావసరాలకు పాత పట్టాలు పీకేశారు. అయితే ఆనాడు అక్కడ కలిసిన జూపిటర్, 119 అనే రెండు ఇంజన్ల నకళ్ళు ఇప్పుడు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. అక్కడ చూపించడానికి ఇంజన్లు ఉన్నాయి కాబట్టి పిల్లలు ఇష్టపడతారు. షెర్మన్‌లో మాత్రం మీరే వెతుక్కోవాలి. పిరమిడ్ దగ్గరకు వెళ్ళగానే ముందు ఉత్తరం వైపు నడిచి, అక్షరాలకు వీపు పెట్టి నిలబడి, గడ్డిలో ఆ కట్ట ఎటు నుంచి ఎటు సాగిందో చూడండి. ఆ తర్వాత వెనక్కి తిరిగి పేర్లు చదవండి.