ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో బార్‌ప్లాట్ (బార్ల చార్టు) మీద ఏబీలైన్ అనే గీతలు గీసే ఫంక్షన్‌తో గీసిన నిలువు గీత ఐదో బార్ మధ్యలో ఎందుకు పడదు?

ఐదో బార్ మధ్యబిందువు ఎక్స్ అక్షం మీద 5 దగ్గర కాదు, 5.5 దగ్గర ఉంటుంది. అందుకే ఏబీలైన్‌కు 5 ఇస్తే గీత ఆ బార్ ఎడమ అంచు మీద పడుతుంది. మామూలు సెట్టింగుల్లో బార్ వెడల్పు 1, ప్రతి బార్‌కు ముందు ఖాళీ 0.2. అంటే మధ్యబిందువులు 0.7, 1.9, 3.1 ఇలా 1.2 చొప్పున జరుగుతూ పోతాయి. బార్లు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంది: 10 ఇస్తే గీత ఏకంగా తొమ్మిదో బార్ మీదకెళ్తుంది.

ఈ లెక్క మీరు వేయక్కర్లేదు. బార్‌ప్లాట్ ఫంక్షనే ఆ మధ్యబిందువులను తిరిగిస్తుంది. వాటిని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, అందులో ఐదోదాన్ని ఏబీలైన్‌కు ఇవ్వండి.

చాలామంది ఏబీలైన్‌లో బగ్ ఉందనుకుంటారు, అది సరికాదు. ఆర్‌లోనే గ్రాఫులు గీసే మరో ప్యాకేజీ అయిన జీజీప్లాట్2లో బార్లు 1, 2, 3 స్థానాల్లోనే నిలబడతాయి, ఆ అలవాటు ఇక్కడ పనిచేయదు.