చీజ్‌లోని బ్యాక్టీరియా ఉంటే యాంటీబయాటిక్ అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 42. మూత్రంలో ఇ.కోలై ఇన్ఫెక్షన్ ఉందని డాక్టర్‌గారు సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు. మూడు రోజులు వేసుకునేసరికి విరేచనాలు మొదలయ్యాయి. చీజ్‌లోని లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా క్రిములను చంపుతుందని చదివాను. మాత్రలు మానేసి చీజ్ తినవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. విరేచనాల సంగతి ఈరోజే మీ డాక్టర్‌కు చెప్పండి. రక్తం పడుతున్నా, జ్వరం గానీ తీవ్రమైన కడుపునొప్పి గానీ ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీరు చదివినదాంట్లో నిజం ఉంది. పాలలోని చక్కెరను ఈ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపులో చాలా హానికర క్రిములు పెరగలేవు. కొన్ని రకాలు అంతటితో ఆగక, బ్యాక్టీరియోసిన్లనే చిన్న ప్రొటీన్లను కూడా తయారుచేస్తాయి. వాటిలో ప్రసిద్ధమైనది లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసే నైసిన్. 34 అమైనో ఆమ్లాలతో ఏర్పడిన ఈ పదార్థం లిస్టీరియా వంటి క్రిముల కణపొరకు రంధ్రాలు పొడిచి చంపుతుంది కాబట్టే, ఆహారం చెడిపోకుండా ఉండేందుకు దీన్ని ఇ234 పేరుతో వాడుతున్నారు.

అయితే మీ ఇన్ఫెక్షన్‌కు కారణమైన ఇ.కోలైకి బయట మరో పొర ఉంటుంది. నైసిన్ దాన్ని దాటి లోపలికి వెళ్లలేదు. పైగా అది ప్రొటీన్ కనుక, తిన్నప్పుడు పేగుల్లోని ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి, మూత్రంలోకి చేరే అవకాశమే లేదు. ప్రయోగశాలలో పళ్లెంలో క్రిమి చనిపోవడానికీ, రోగి శరీరంలో జబ్బు నయమవడానికీ మధ్య ఎంతో దూరం ఉంది; ఇలాంటి వార్తల్లో ఆ దూరం కనిపించకపోవడమే నన్ను బాధిస్తుంది.

ఇక ప్రొబయాటిక్ విషయం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సజీవంగా, తగినంత మోతాదులో చేరి ఆరోగ్యానికి మేలు చేసే సూక్ష్మజీవులనే ప్రొబయాటిక్ అనాలి. చీజ్‌లోని కొవ్వు, ప్రొటీన్లు జీర్ణాశయ ఆమ్లం నుంచి బ్యాక్టీరియాకు కొంత రక్షణనిస్తాయన్నది నిజమే గానీ, తయారీలో వేడిచేసే ప్రాసెస్డ్ చీజ్‌లో అవి బతికి ఉండవు. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాల ముప్పును కొన్ని ప్రత్యేక స్ట్రెయిన్లు (బ్యాక్టీరియాలోని ఉపరకాలు) తగ్గించగలవు, కానీ ఆ గుణం ప్రతి చీజ్‌కూ ఉందనుకోకూడదు. మీకు ప్రొబయాటిక్ అవసరమా, అయితే ఏది అన్నది మీ డాక్టర్‌నే అడగండి.

చీజ్ ఇష్టమైతే మితంగా తినండి, మాత్రతో కలిపి మాత్రం వద్దు. అందులోని కాల్షియం సిప్రోఫ్లాక్సాసిన్‌ను పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తుంది, అందుకే మాత్ర వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగండి. మీరు గర్భవతి అయినా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా, పచ్చిపాలతో చేసిన మెత్తని చీజ్ జోలికి వెళ్లవద్దు. లిస్టీరియా ముప్పు అందులోనే ఎక్కువ.