పన్ను బ్యాంకే కట్ చేసింది కదా, రిటర్న్ ఎందుకు?

ప్రశ్న: మాది కడప. పదకొండేళ్ళుగా కువైట్‌లో ఏసీ మెకానిక్‌గా పని చేస్తున్నాను. ఇండియాలో ఎన్ఆర్ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతా) 15 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 2025-26లో దాని మీద 1,05,000 రూపాయల వడ్డీ వస్తే, బ్యాంకు 32,760 పన్ను కింద కట్ చేసుకుంది. ఇంటి కింద షాపు రూము నెలకు 12 వేలకు బాడుగకు ఇచ్చాం. వాళ్ళు ఏమీ కట్ చేయకుండా మొత్తం ఇస్తారు. పన్ను ఎటూ బ్యాంకే కట్టేసింది కాబట్టి రిటర్న్ వేయాల్సిన పని లేదని మా బావమరిది అంటున్నాడు. పైగా 12 లక్షల దాకా పన్నే లేదంట. నిజమేనా సార్?

జవాబు: మీ బావమరిది మీ మంచి కోరే చెప్పాడు. కానీ ఆ మాట విని ఊరుకుంటే 32,760 రూపాయలు పోగొట్టుకుంటారు. మీరు రిటర్న్ వేయాలి. వేస్తే ఆ డబ్బంతా వెనక్కి వస్తుంది.

బ్యాంకు కట్ చేసింది మీరు కట్టాల్సిన పన్ను కాదు. మీ మొత్తం ఆదాయం ఎంతో బ్యాంకుకు తెలియదు. ఎన్ఆర్ఓ వడ్డీ అంటే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం కట్ చేయమని చట్టం చెప్పింది, వాళ్ళు చేశారు. అది మీ పేరు మీద ప్రభుత్వం దగ్గర ముందుగా జమ అయిన డబ్బు. అసలు మీరు ఎంత కట్టాలన్నది రిటర్న్ వేస్తేనే తేలుతుంది.

మీ లెక్క చూద్దాం. షాపు బాడుగ ఏడాదికి 1,44,000. ఇంటి ఆస్తి ఆదాయంలో 30 శాతం ఖర్చుల కింద తీసేస్తారు, రసీదులేవీ అడగరు. మిగిలేది 1,00,800. వడ్డీ 1,05,000 కలిపితే మొత్తం 2,05,800. 2025-26కి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు, పాత విధానంలో 2.5 లక్షల వరకు లేదు. ఎటు చూసినా మీ పన్ను సున్నా. కువైట్ జీతం ఈ లెక్కలోకి రాదు, అక్కడ సంపాదించింది అక్కడిదే.

ఆదాయం పరిమితి లోపే ఉంటే రిటర్న్ అక్కర్లేదు కదా అని మీరు అడగొచ్చు. మామూలుగా అయితే అక్కర్లేదు. కానీ 2022 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన ప్రకారం, ఏడాదిలో మీ పేరున కట్ అయిన టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్ళు ముందే కట్ చేసే పన్ను), టీసీఎస్ (డబ్బు తీసుకునేవాళ్ళు మీ దగ్గర వసూలు చేసే పన్ను) కలిపి 25,000 లేదా అంతకు మించితే, ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ వేయాల్సిందే. మీకు కట్ అయింది 32,760. పన్ను కట్ అయింది కాబట్టి రిటర్న్ వద్దని మీవాళ్ళు అంటున్నారు. అంత కట్ అయింది కాబట్టే వేయాలని చట్టం అంటోంది.

ఇక 12 లక్షల సంగతి. 4 లక్షలు దాటినవాళ్ళకు కూడా 12 లక్షల వరకు పన్ను లేకుండా పోయేది రిబేటు (లెక్కకొచ్చిన పన్నును తీసేసే రాయితీ) వల్ల. ఆ రిబేటు ఇండియాలో నివాసి హోదా ఉన్నవాళ్ళకే, ఎన్ఆర్ఐలకు లేదు. మీ ఎన్ఆర్ఓ వడ్డీ, బాడుగలు కలిసి రేపు 4 లక్షలు దాటితే పన్ను మొదలవుతుంది. టీవీలో బడ్జెట్ చూసి, అందరికీ వర్తిస్తుందనుకుని నా దగ్గరికి వచ్చే గల్ఫ్ కుటుంబాలు చాలా ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తున్నందుకు నాకు విసుగు లేదు. ఎవరూ వాళ్ళకు ముందే చెప్పలేదన్నదే నా బాధ.

ముందు మీరు ఎన్ఆర్ఐనేనా అన్నది ఖాయం చేసుకోండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇండియాలో 182 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ ఏడాదికి మీరు నివాసి అవుతారు. పెద్ద దర్గా ఉరుసుకో, ఇంట్లో పెళ్ళికో వచ్చి వెళ్ళే నెల, రెండు నెలలతో ఇబ్బంది లేదు. అకామా (గల్ఫ్‌లో ఉండటానికిచ్చే అనుమతి) రెన్యువల్ ఆలస్యమై ఆరేడు నెలలు ఇక్కడే ఉండిపోయిన ఏడాది మాత్రం లెక్క మారిపోతుంది. పాస్‌పోర్టు స్టాంపులు చూసి రోజులు లెక్కపెట్టుకోండి, నోటి లెక్క వద్దు.

షాపు బాడుగ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఎన్ఆర్ఐకి బాడుగ కట్టేవాళ్ళు, మొత్తం ఎంత చిన్నదైనా, 31.2 శాతం టీడీఎస్ కట్ చేసి ప్రభుత్వానికి కట్టాలి. దానికి వాళ్ళు టాన్ నంబరు (పన్ను కట్ చేసేవాళ్ళకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి. కడపలో ఏ షాపువాళ్ళకూ ఈ సంగతి తెలియదు, ఓనరు కువైట్‌లో ఉంటే నాకేంటి అనుకుంటారు. తప్పు వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. మీరు ఆ బాడుగను మీ రిటర్న్‌లో చూపించి ఉంటే, ఆడిటర్ సర్టిఫికెట్‌తో వాళ్ళు ఆ పన్ను భారం నుంచి బయటపడే దారి ఉంది, వడ్డీ మాత్రం పడొచ్చు. మీతో ఏళ్ళ తరబడి నమ్మకంగా ఉన్న మనిషిని ఇబ్బందిలో పెట్టకండి, ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. పొలం గుత్తకు ఇచ్చి ఉంటే ఆ డబ్బు వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు, రిటర్న్‌లో చూపిస్తే చాలు.

మీ ఉత్తరం చదివాక నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే విషయం. కువైట్ నుంచి పంపే డబ్బు ఎన్ఆర్ఓలో ఎందుకు పెడుతున్నారు? అదే డబ్బు ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వేసి అక్కడ డిపాజిట్ చేస్తే, మీరు విదేశంలో ఉన్నంత కాలం దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, బ్యాంకు పైసా కట్ చేయదు. ఎన్ఆర్ఓ బాడుగల్లాంటి ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకోండి. పాత డిపాజిట్ గడువు తీరేదాకా ఉండనివ్వండి, ఇకనుంచి పంపేది మాత్రం ఎన్ఆర్ఈకి పంపండి.

ఇప్పుడు చేయాల్సిన పని. జూన్ మధ్యకల్లా బ్యాంకు నుంచి ఫారం 16ఏ (పన్ను కట్ చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్) అడిగి తీసుకోండి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పేరున జమ అయిన పన్ను చూపే పట్టిక) తెరిచి 32,760 మీ పాన్ మీద పడిందో లేదో చూడండి. పాన్, ఆధార్ లింకు కాలేదని కొందరు గల్ఫ్ వాళ్ళ పాన్ పనిచేయకుండా పోయింది, ముందు అది సరిచూసుకోండి. మీరు వేయాల్సిన రిటర్న్ ఫారం ఐటీఆర్-2. ఐటీఆర్-1 సులువుగా ఉంటుంది గానీ ఎన్ఆర్ఐలకు కాదు. గడువు 2026 జూలై 31. తప్పితే డిసెంబరు 31 దాకా వేయొచ్చు, మీ ఆదాయానికి ఆలస్య రుసుం 1,000 మించదు. గడువులోపు వేస్తే రీఫండ్ మీద ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా వస్తుంది.

పాత సంవత్సరాలు వదిలేసి ఉంటే, ఆశ వదులుకోకండి. ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపు పన్ను కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిసిన ఐదేళ్ళ లోపు. సరైన కారణం చూపాలి, వచ్చే రీఫండ్ మీద వడ్డీ ఉండదు. అప్‌డేటెడ్ రిటర్న్ (మామూలు గడువులు దాటాక వేసే రిటర్న్) వేస్తే రీఫండ్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దానితో రీఫండ్ అడగడానికి వీల్లేదు.

రిటర్న్ వేశాక 30 రోజుల్లో వెరిఫై చేయాలి, లేదంటే వేయనట్టే లెక్క. ఆధార్‌కు లింకయిన సిమ్ కడపలో ఇంట్లో ఉండి, మీరు కువైట్‌లో ఉంటే ఓటీపీ కోసం టెన్షన్ పడతారు. మీ బ్యాంకులో ఆ సౌకర్యం ఉంటే నెట్ బ్యాంకింగ్ నుంచే వెరిఫై చేయొచ్చు. అదీ కుదరకపోతే సంతకం చేసిన ఐటీఆర్-వి (రిటర్న్ వేసినట్టు వచ్చే రసీదు) కాగితం బెంగళూరు సీపీసీకి (ఆదాయపు పన్ను శాఖ రిటర్న్‌లు చూసే కేంద్రం) ఆ 30 రోజుల్లోనే చేరేలా పోస్టులో పంపండి. రీఫండ్ పడేది పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసిన ఖాతాలోనే. కాబట్టి ఎన్ఆర్ఓ ఖాతాలో మీ పేరు, పాన్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.